నాలుగు మూలల పసుపు

మొన్న మా చిన్నాయన పోయినట్టు నర్సంపేట నుంచి కార్డు వచ్చింది. పోస్టాయన గేటు దగ్గరే "పెద్దసారూ, ఇది మంచి కార్డు కాదు" అని చెప్పి మరీ ఇచ్చిపోయాడు. కోడలు వరండాలో నిలబడి చదివింది. మా ఇళ్ళల్లో చావు కబురు తెచ్చిన కాగితం గడప దాటకూడదు. చదివిన చోటనే చించి పారేసి తల మీద నీళ్ళు పోసుకోవాలి. ఆమె కూడా రెండు చేతులతో పట్టుకుని చించబోయింది. నేను కుర్చీలోంచి లేవలేక అరిచినంత పని చేశాను.

"ఆగు బిడ్డా, చించకు. ఇటియ్యి."

ఈ ముసలాయనకు మతి పోయిందనుకుని ఉంటుంది. కార్డు తీసుకుని లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. చిన్నాయన తొంభైకి దగ్గరపడ్డ మనిషి, పండుటాకు, ఎవరి చేతా చేయించుకోకుండా పోయాడు. ఆయన కోసం ఏడవాల్సిన కళ్ళు ఇంకొకరి కోసం ఏడ్చాయి. ఆ ఇంకొకరు పోయి పాతికేళ్ళవుతోంది.

పేరు చెప్పను. చెప్పినా మీకు నోరు తిరగదు, మా హన్మకొండలో ఎవరికీ తిరగలేదు. కాలేజీలో ప్రొఫెసర్ సాబ్ అన్నారు. బజారులో ఆకుల దొర అన్నారు, ఎప్పుడు చూసినా చేతిలో ఏదో ఒక కొమ్మ ఉండేది కాబట్టి. మా అమ్మ మొదట్లో దొరా అనే పిలిచేది. తర్వాత ఏం పిలిచిందో ముందు ముందు చెప్తాను.

ఆయనది పోలండు. వృక్షశాస్త్రం చెప్పడానికి యుద్ధానికి ముందు ఏడాది మా కాలేజీకి వచ్చాడు. మా కాలేజీలో చదువంతా ఉర్దూలో. ఆయనకు ఉర్దూ రాదు. ఇంగ్లీషులో ఆయన ఒక ముక్క చెప్తే, పక్కన నిలబడి నేను ఉర్దూలో పిల్లలకు చెప్పాలి. లాబరేటరీలో డిమాన్‌స్ట్రేటరు అని నాకు పేరు గానీ చేసిన పని ఇదే. ఆయన నవ్వుతూ చెప్పింది కూడా నేను మొహం మాడ్చుకుని చెప్పేవాణ్ణని పిల్లలు ఎక్కిరించేవారు. ఆయన క్వార్టరూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. గోడ నడుము దాకే ఉండేది. దాని మీదుగా మా అమ్మ ఆయనకు తెలుగు నేర్పింది, నేర్పుతున్నానని తనకు తెలియకుండానే.

ఆయనకు ఛాతీ బలం లేదు. చిన్నప్పుడు ఊపిరితిత్తులకు జబ్బు చేసి మానిందట. వాళ్ళ దేశపు చలి ఇక పడదని డాక్టర్లు చెబితే ఎండల దేశంలో ఉద్యోగం వెతుక్కుని ఇంత దూరం వచ్చాడు. మొదట తాను వచ్చి, ఇల్లు చూసుకుని, వచ్చే ఏడు దసరాకు భార్యనూ కూతుర్నీ తెప్పించుకోవాలని ఆయన లెక్క. దసరాకు నెల ముందే యుద్ధం వచ్చిపడింది. ఓడలూ పోయాయి, ఉత్తరాలూ పోయాయి. ఆయన బయలుదేరినప్పుడు కూతురికి రెండేళ్ళు.

వచ్చిన కొత్తలో ఒకనాడు మా అమ్మతో మాట్లాడాలని నన్ను పిలిచి, వాళ్ళ దేశంలో కాలాలు నాలుగని చెప్పమన్నాడు. చెప్పాను.

"నాలుగేనా? మరి ఎవుసం ఎట్ల చేస్తరు?" అంది మా అమ్మ, నిజంగానే జాలిపడి.

ఆ తర్వాత మా అమ్మ వేళ్ళు మడుస్తూ ఇరవై ఏడు కార్తెలూ వరసగా చెప్పింది. అశ్వనిలో ఏం చేస్తారు, రోహిణిలో ఎండ ఎట్లా కాస్తుంది, మఖలో ఉరిమితే ఏమవుతుంది, స్వాతిలో వాన పడితే ఎవరికి లాభం. ఆయన ఒక నోటుబుక్కు తెచ్చి ఇంగ్లీషు అక్షరాల్లో అన్నీ రాసుకున్నాడు. రాసి, నా వైపు తిరిగి, "మా దగ్గర నాలుగు, మీ దగ్గర ఇరవై ఏడు. మీ అమ్మ చాలా గొప్పింటి మనిషి" అన్నాడు. ఈ మాట తెలుగు చేసి చెబితే మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయని మనం ఊరికే అంటాం. ఆయన దాన్ని సామెత అనుకోలేదు. ఆ ఏడు రోహిణి పొడుగునా ప్రతి మధ్యాహ్నం తడిగుడ్డ నెత్తిన కప్పుకుని మా పెరట్లోకి వచ్చి, వంగి, రోలు చుట్టూ చూసేవాడు. చేత్తో తడిమేవాడు. నాలుగో రోజో అయిదో రోజో మా అమ్మకు విసుగొచ్చింది.

"రోలు పగులుడు కాదు గని నీ నెత్తి పగుల్తది, నీడకు రా దొరా" అంది.

నీడకు వచ్చి మజ్జిగ తాగాడు. తాగుతూ కూడా రోలు వంకే చూస్తున్నాడు. చలికాలంలో కథ తిరగబడేది. మేం గొంగళ్ళు కప్పుకుని నిప్పు చుట్టూ కూర్చుంటే ఆయన పొట్టి చేతుల చొక్కాతో పొద్దున్నే హసన్‌పర్తి చెరువు దాకా నడిచిపోయేవాడు. ఎదురైన రైతులు "చలి పెడ్తలేదా దొరా" అని అడిగితే, "ఇది చలి కాదు, చలి సుట్టం" అనేవాడు. ఆ మాట ఎవరు నేర్పారో, తానే అల్లుకున్నాడో. నన్ను తమ్మీ అనేవాడు. అన్నిటికీ ముందు ఒక జర తగిలించేవాడు. జర ఆగు, జర కూసో, జర సూడు.

కార్తె మారిన నాడల్లా భార్యకు ఒక ఉత్తరం రాసేవాడు. ఏ చెట్టు పూసింది, ఏ పురుగు వచ్చింది, గోడవతలి అమ్మ ఇవాళ ఏం వండింది. పంపే దారి లేదు కదా, ఎందుకు సర్ ఈ పని అంటే, "దారి వచ్చిననాడు అన్నీ ఒక్కపారి పంపుత. ఆమె వరసగ చదువుకుంటది" అనేవాడు. పరీక్ష కాగితాల వెనక వైపు రాసేవాడు. రాసి ఒక రేకు పెట్టెలో వేసేవాడు. కాగితం పారేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు. ఒకసారి లాబరేటరీలో నేనేదో చిత్తుకాగితం ఉండచుట్టి కిటికీలోంచి విసిరితే, బయటికి వెళ్ళి తెచ్చి, బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు.

"దీని మీద నువ్వు రాసినవ్ గద తమ్మీ. ఎందుకు పారేస్తానవ్?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా అక్క ఏటా బతుకమ్మ పండక్కు హసన్‌పర్తి నుంచి వచ్చేది, కూతుర్ని తీసుకుని. ఆ పిల్లదీ ఆయన కూతురిదీ ఒకే వయసు, నెలా రెండు నెలలు తేడా. వచ్చిన రోజునే పిల్లను తన ఇంటి ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, పెన్సిలుతో గీత గీసేవాడు. పక్కన కార్తె పేరు రాసేవాడు. గీసి, రెండడుగులు వెనక్కి జరిగి, ఆ గీత ఎత్తున చెయ్యి గాలిలో పెట్టి చూసుకునేవాడు. "నా బిడ్డ ఇప్పుడు ఇంతున్నది" అని మా అక్కతో చెప్పేవాడు. మా అక్క బయటికొచ్చి కళ్ళొత్తుకునేది. పిల్లకు మాత్రం అది ఆట, తంగేడు పూలు ఇచ్చి గీత గీయించుకుని వచ్చేది. అట్లా ఏడు గీతలు పడ్డాయి.

యుద్ధం ముగిసింది. దారి తెరుచుకుంది. రేకు పెట్టెలో ఉత్తరాలన్నీ కార్తెల వరస తప్పకుండా కట్టలు కట్టి పాత చిరునామాకు పంపాడు. ఏవో సహాయ సంఘాలకు కూడా రాశాడు. ఇక ఎదురు చూడటం మొదలైంది. పోస్టాయన సైకిలు మోత వినబడితే క్లాసులో మాట ఆగిపోయేది. నేను కూడా ఉర్దూలో ఆగిపోయేవాణ్ణి. పిల్లలు ఎవరూ నవ్వేవారు కాదు.

మరుసటి వేసవి చివర్లో ఏటూరునాగారం అడవికి మొక్కల కోసం బయలుదేరాడు. వానలు పడితే దారి ఉండదని తొందర. ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఉత్తరం వస్తే ఇప్పి చదువు తమ్మీ. మంచిదైతే మనిషిని తోలు. కాకుంటే నేను వచ్చేదాక ఆగు" అన్నాడు.

మిరుగం నాడు వచ్చింది ఉత్తరం. మృగశిర కార్తె మొదటి రోజును మా వైపు మిరుగం అంటారు, ఆ రోజు చేపలు తినాలి. ఇంట్లో చేపల కూర ఉడుకుతోంది. తొలి వాన బాగానే పడుతోంది. కవరు మీద ఎన్నో ముద్రలు, ఒకసారి ఎవరో విప్పి మళ్ళీ అంటించారు. వాకిట్లో చూరు కింద నిలబడి విప్పాను. లోపల రెండు కాగితాలు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. పైది సహాయ సంఘం వాళ్ళు టైపు చేసిన ఇంగ్లీషు, అయిదారు పంక్తులు. మీ భార్య యుద్ధం ముగిసే ముందటి చలికాలంలో పోయారు, ఈ జత చేసిన కాగితం వారి ఇంటి నుంచి మాకు చేరింది, పంపుతున్నాం. అంతే. బిడ్డ మాట లేదు. రెండోది చిన్న కాగితం, పెన్సిలుతో రాసింది, వాళ్ళ భాషలో. నాలుగు వరుసలు. చివరిది పొట్టిది.

అమ్మ గరిటె చేత్తో పట్టుకుని గడప లోపల నిలబడింది.

"ఏమని రాసిన్రు?" అంది.

"వాళ్ళావిడ పోయిందట అమ్మా."

అమ్మ గరిటె కింద పెట్టి గోడకు ఆనుకుంది. కాసేపు ఏడ్చింది, ఎన్నడూ చూడని మనిషి కోసం. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "లోపటికి తేకు. చించెయ్" అంది.

"ఆయనది గదనే."

"ఎవ్వరిదైతేంది, చావు కాయితమే గద. ఆ ఇంట్లకు పోనియ్యకు. పాపం ఆ పిల్లన్న బతికుండాలె. చించు."

ఇన్నేళ్ళూ అందరికీ మా అమ్మ చించిందనే చెప్పుకుంటూ వచ్చాను. నిజం ఇప్పుడు చెప్తున్నాను. మొదట చించింది నేను. రెండు కాగితాలూ కలిపి నడిమికి చించాను. తర్వాత అమ్మ నా చేతిలోంచి తీసుకుని చిన్న ముక్కలు చేసి, చూరు నీళ్ళు పారే కాలువలో వేసింది. ఇద్దరం స్నానాలు చేశాం. తప్పు చేశామని ఇద్దరికీ తోచలేదు. ఒక చెడు ఆ ఇంటి గడప దాటకుండా ఆపామనే అనుకున్నాం. నేను బీఎస్సీ చదివినవాణ్ణి, ఇంగ్లీషు ముక్క ముక్కా అర్థం చేసుకున్నవాణ్ణి. రెండో కాగితం నాకు చదవరాదు కాబట్టి అది కాగితమే కాదనుకున్నానా ఏమిటి?

నాలుగో రోజు వచ్చాడు ఆయన. బురద మోకాళ్ళ దాకా ఉంది, గడ్డం పెరిగింది, నవ్వు మొహం. చేతిలో అగ్గిపెట్టె, అందులో ఎర్రటి ఆరుద్ర పురుగు. కొత్తగా దొరికిన వస్తువును చూపే పిల్లవాడిలా దాన్ని మా అమ్మ ముందు తెరిచాడు. అమ్మ చూడలేదు. ఆయన నా మొహం చూశాడు. అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను, ఆ మాట తెలుగులో నాకు రాలేదు.

పురుగు అగ్గిపెట్టెలోంచి దిగి అరుగు మీద నడుచుకుంటూ పోయింది. తర్వాత ఆయన చెయ్యి చాపాడు.

"ఉత్తరం ఏది తమ్మీ?"

చెప్పాను. మా పద్ధతి ఇది సర్, మా దగ్గర ఇట్లా చేస్తారు సర్ అన్నాను. ఆయన నెమ్మదిగా, క్లాసులో అడిగినట్టే అడిగాడు. ఎన్ని కాగితాలు? రెండు. రెండోది ఏ భాష? మీది సర్. పెన్సిలా, సిరానా? పెన్సిలు. ఆయన లేచి కాలువ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాన మళ్ళీ మొదలైంది. రెండు చేతులతో బురద తీసి, వేళ్ళతో విడదీసి, పక్కన పెట్టి, మళ్ళీ తీసి చూశాడు. కాలువ వెంట రోడ్డు దాకా అట్లాగే పోయాడు. నేను వెనకాలే గొడుగు పట్టుకుని పోయాను. ఆ గొడుగు ఎందుకు పట్టానో. నాలుగు రోజుల వానకు ఏం మిగులుతుంది? దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చాడు, గోళ్ళలో మట్టితో.

అమ్మకు అప్పటికి అర్థమైంది. వాకిట్లో నిలబడి ఉంది. చదువు రాని మనిషి, జీవితంలో ఒక్క ఉత్తరం రాయని మనిషి.

"తప్పయింది బిడ్డా" అంది. దొరా అనలేదు.

ఆయన ఆమె వంక చూశాడు. కోపం ఉంటుందేమో అని చూశాను, లేదు. ఉండి ఉంటే బాగుండేది.

"చించినంక మీరు ఏం చేస్తరు అమ్మా?" అని అడిగాడు.

"తానం చేస్తం."

"నాకు గూడ పొయ్యున్రి."

అలాగే బట్టలతో బావి పక్క బండ మీద కూర్చున్నాడు. మా అమ్మ తానే తోడింది. నన్ను చేదతాడు ముట్టుకోనివ్వలేదు. ఒకటి, రెండు, మూడు చేదలు ఆయన తల మీద పోసింది. నీళ్ళు పడుతున్నంతసేపూ ఆయన గట్టిగా ఏడ్చాడు. అంత పెద్ద మగవాడు అట్లా ఏడవటం నేను చూడలేదు. అమ్మ ఇంకో చేద తోడింది, ఆయన ఏడుపు ఆగేదాకా పోస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆయన కార్తెలు అడగటం మానేశాడు. అమ్మ గోడ మీదుగా "బిడ్డా, ఇయాల్టి సంది ఆరుద్ర" అని చెప్పేది. తలూపి లోపలికి పోయేవాడు. పునర్వసు వచ్చింది, పుష్యమి వచ్చింది, మఖ ఉరిమింది. నోటుబుక్కు కిటికీలో దుమ్ము పట్టింది. పాఠం మాత్రం ఒక్కరోజు మానలేదు. పాఠం అయిపోయి పిల్లలు పోయాక నా దగ్గరికి వచ్చి ఏదో ఒకటి అడిగేవాడు. ఆ చిన్న కాగితం గీతల కాగితమా, తెల్లదా? వరుసలు తిన్నగా ఉన్నాయా, కిందికి జారాయా? చివరి వరుస పొట్టిది అన్నావే, ఎన్ని మాటలుంటాయి? తెలిసింది చెప్పేవాణ్ణి. తెలియనిది తెలియదనేవాణ్ణి. అప్పటి వరకు నేను అబద్ధం చెప్పలేదు.

బతుకమ్మ వచ్చింది. అక్క వచ్చింది, పిల్లా వచ్చింది. ఈసారి ఆయన గీత గీయలేదు. పిల్లను కూర్చోబెట్టి, కాగితమూ పెన్సిలూ ఇచ్చి, నాలుగు వరుసలు ఏదైనా రాయమన్నాడు. అది నాలుక బయట పెట్టుకుని బడిలో నేర్పిన పద్యం ఒకటి, రూపాయి బిళ్ళలంత అక్షరాలతో రాసింది. ఆయన ఆ కాగితం తీసుకుని నన్ను లోపలికి పిలిచాడు. బల్ల మీద ఇంకో కాగితం ఉంది, యుద్ధానికి ముందు భార్య రాసిన పాత ఉత్తరం. ఆమె అక్షరాలు ఆవగింజలంత. రెండూ పక్కపక్కన పెట్టాడు.

"జర సూడు తమ్మీ. ఆ కాయితం మీద రాత ఎట్లుండె? ఇట్లనా, ఇట్లనా?"

అప్పుడు నాకు ఆయన ఇన్ని నెలలుగా ఏం అడుగుతున్నాడో తెలిసింది. ఆవగింజలైతే అది భార్య రాసుకున్నది, ఆమెతోనే ముగిసింది. పెద్ద అక్షరాలైతే తల్లి పోయాక బిడ్డ రాసింది. బిడ్డ ఉంది.

నాకు గుర్తు లేదు. దేవుడి మీద ఒట్టు, గుర్తు లేదు. నేను వరుసలు చూశాను గానీ అక్షరాలు చూడలేదు. చదవరాని రాతను ఎవరు చూస్తారు? తెలియదు సర్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన రెండు చేతులూ బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. కాలువలో మట్టి తీసిన చేతులే. నేను పిల్ల రాసిన కాగితం మీద వేలు పెట్టాను.

"ఇట్లనే సర్. పెద్దగనే ఉండె" అన్నాను.

ఆయన కూర్చుండిపోయాడు. తర్వాత లేచి నన్ను పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి, "ఇయాల ఏ కార్తె అమ్మా?" అని అరిచాడు. నాలుగు నెలల తర్వాత అడిగాడు. అమ్మ చేతిలో పూలు పట్టుకునే పరిగెత్తుకొచ్చి, "చిత్త బిడ్డా, చిత్త" అంది.

ఆ సాయంత్రం అమ్మ నన్ను పెరట్లో పట్టుకుంది.

"నిజంగ చూసినవార?"

"లేదే."

"మరెందుకట్ల చెప్పినవ్?"

"ఆయన మొహం చూసి చెప్పిన."

అమ్మ తిట్టి ఉంటే, పోయి నిజం చెప్పు అని ఉంటే, పోయేవాణ్ణేమో. ఇద్దరం ఊరుకున్నాం.

ఆయన రాజీనామా ఇచ్చాడు. కాలేజీ పెద్దలు బతిమాలారు. దవాఖానలో డాక్టరు నా ఎదుటే చెప్పాడు, నీ ఊపిరితిత్తులకు ఈ ఎండే మందు, అక్కడి చలికాలం ఒక్కటి కూడా గడవదు అని. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నా బిడ్డకు పదేళ్ళు. ఒక్కతే ఉన్నది" అన్నాడు. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. డాక్టరు గదిలో గడియారం చప్పుడు వింటూ నిలబడ్డాను. పిరికితనానికి దయ అని పేరు పెట్టుకుని ఇన్నేళ్ళు బతికాను.

మోదుగులు పూసిన రోజుల్లో కాజీపేట స్టేషన్‌లో బండి ఎక్కాడు. రేకు పెట్టె ఒకటి, నోటుబుక్కు, చేతిలో టోపీ. ఎండాకాలం తప్ప ఏనాడూ టోపీ పెట్టని మనిషి. మా అమ్మ స్టేషన్‌కు రావటం అదే మొదలు, అదే ఆఖరు. కొంగున కట్టి తెచ్చిన చిన్న గుడ్డమూట తీసి ఆయన చేతిలో పెట్టింది. పసుపు.

"బిడ్డ దొరికిన్నాడు ఉత్తరం రాయి. రాసి నాలుగు మూలలకు ఇది పుయ్యి. శుభం ఉత్తరానికి మేం గట్లనే పూస్తం. నాకు సదువ రాదు గని, మూలలు చూస్తే తెలుస్తది" అంది.

ఆయన ఆ మూటను చొక్కా జేబులో వేసుకుని పైన చెయ్యి పెట్టుకున్నాడు. "పూస్త అమ్మా" అన్నాడు. బండి కదిలింది.

బొంబాయి నుంచి ఒక కార్డు వచ్చింది. కొన్ని నెలలకు వాళ్ళ దేశం నుంచి ఒక ఉత్తరం. ఇల్లు లేదు, వీధి కూడా లేదు, అనాథ పిల్లల్ని ఉంచిన ఊళ్ళు తిరుగుతున్నాను, ఇక్కడ ఇప్పుడు ఆకులు రాలుతున్నాయి, ఇది ఏ కార్తె అవుతుందో అమ్మను అడిగి రాయి. అమ్మ చెప్పింది, రాశాను. మళ్ళీ జవాబు లేదు. దేశానికి అప్పటికే స్వాతంత్ర్యం వచ్చింది, మా నిజాం రాజ్యానికి రాలేదు. రజాకార్ల భయంలో ఏడాది గడిచింది. ఎన్ని గొడవలున్నా, పోస్టాయన ఏ కాగితం తెచ్చినా ముందు మా అమ్మ తీసుకుని నాలుగు మూలలూ తిప్పి చూసి, అప్పుడు నాకిచ్చేది. కరెంటు ఆఫీసు నోటీసైనా సరే.

పోలీసు చర్య జరిగిన మరుసటి చలికాలంలో ఒక చిన్న పార్శిలు వచ్చింది. అమ్మ చేతిలోకి తీసుకుని మూలలు చూసింది. మళ్ళీ తిప్పి చూసింది. పసుపు లేదు. నేను వాకిట్లోకి దిగబోయాను, బయట చదవాలని.

"లోపటికి తే" అంది అమ్మ.

"అమ్మా, ఇది మంచిదైనట్టు లేదు."

"తెలుసు. లోపటికి తే. ఇంట్ల కూసోని సదువు."

గడప దాటి తెచ్చి, దేవుడి అలమర పక్కన చాప మీద కూర్చుని చదివాను. ఆయన అద్దెకున్న ఇంటి యజమానురాలు ఎవరితోనో ఇంగ్లీషులో రాయించింది. ఆయన కిందటి చలికాలంలో ఛాతీ జబ్బుతో పోయారు. చివరి దాకా ఊరూరూ తిరిగి వస్తుండేవారు. కూతురి సంగతి మాకు తెలియదు. ఆయన కోటు లోపలి జేబులో మీ చిరునామా కాగితం, దానితో పాటు ఇది ఉన్నాయి. ఇదేమిటో మాకు అర్థం కాలేదు, మీకు ముఖ్యమైనదేమో అని పంపుతున్నాం.

గుడ్డమూట అమ్మ అరచేతిలో పెట్టాను. అమ్మ ముడి తడిమింది.

"నేనేసిన ముడే. ఇప్పలేదు" అంది.

నేను అప్పుడు ఏడుస్తూ, నేనే చంపానే, నా మాట నమ్మి పోయాడు అన్నాను. అమ్మ మూటను గుప్పిట్లో మూసుకుంది.

"నువ్వు చెప్పనిదే పోయెటోడు కాదు. అది నిజమే" అంది. "నేను చించుమననిదే నువ్వు చెప్పెటోనివి కాదు. అదీ నిజమే."

అంతకంటే ఓదార్చలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ స్నానం చేయలేదు. ఉత్తరాన్నీ మూటనూ అమ్మ తన చీరల పెట్టె అడుగున పెట్టింది. అప్పటి నుంచి ఆమె ఉన్నంతకాలం మా ఇంట్లో ఏ చావు ఉత్తరాన్నీ చించనివ్వలేదు. చుట్టాలు తప్పుపట్టారు. పట్టుకోమంది.

చిన్నాయన కార్డు కూడా ఆ పెట్టెలోనే పెట్టాను. మూట అట్లాగే ఉంది, ముడి నేనూ విప్పలేదు. పెట్టె మూసి కళ్ళు మూసుకుంటే ఆ చిన్న కాగితం ఇప్పటికీ కనిపిస్తుంది. గుండుసూది కనిపిస్తుంది, పెన్సిలు గీతలు కనిపిస్తాయి, నాలుగు వరుసలూ, పొట్టిగా ఆగిపోయిన చివరి వరుసా. అక్షరాలు పెద్దవో చిన్నవో చూద్దామని దగ్గరికి జరుగుతాను. అప్పుడు నా చేతులే అడ్డం వస్తాయి.